పిస్టలూ, దాని ఒరా

తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికే నాకు పిస్టలుతో పని పడుతుందని ఎన్నడూ అనుకోలేదు. పడింది. మా నాయిన కుట్టిన తోలు ద్వారా పడింది. ఆ వృత్తాంతం చెప్పవలసిన బాధ్యత నామీద వుందని కొంతకాలంగా అనిపిస్తున్నది. ఇందులో నేను చేసిన ఘనకార్యం ఏదీ లేదు. చేయవలసిన చోట చేయకుండా వూరుకొన్నది ఒకటి వుంది. అందుకే వ్రాస్తున్నాను.

సోమశిల కృష్ణ ఒడ్డున, కొల్లాపురానికి దగ్గరగా వున్న పల్లె. శ్రీశైలం జలాశయం నీళ్ళు వచ్చినప్పుడు, 1981లో, యీ ప్రాంతంలో ఊళ్ళకు ఊళ్ళే మునిగాయి. మునగబోతున్న గుడులను రాయి రాయి విప్పి తెచ్చి గట్టుమీద మళ్ళీ కట్టారు. అది మంచి పనే. మాదిగవాడలను విప్పి తెచ్చినవారు మాత్రం లేరు. తలుపులూ దూలాలూ ఎవరివి వారే మోసుకొని గట్టెక్కారు. మా తాత అట్లా ఎక్కినవాడు. ఆయన లందలో తోళ్ళు నానబెట్టి, తంగేడు చెక్కతో ఊని, మోటబావులకు తొండాలు కుట్టేవాడు. కరెంటు మోటార్లు వచ్చి మోటలు పోయాయి. మా నాయినకు చెప్పులూ, ఎద్దుల మెడ పట్టెడలూ, చెర్నాకోలలూ మిగిలాయి. ట్రాక్టర్లు వచ్చాక అవీ పలచబడ్డాయి. ఆ మిగిలిన చెప్పులమీదనే నేను ఎం.ఏ. చదివాను.

2024 దసరా సెలవులకు నేను ఇంటికి పోయి వున్నప్పుడు, నాతోపాటు హైస్కూలులో చదువుకొన్న మిత్రుడొకడు మా వాకిట కారు ఆపాడు. ఇప్పుడతను భూములు కొని, గీతలు గీసి, ప్లాట్లుగా అమ్మే వ్యాపారంలో వున్నాడు. సోమశిలకూ అవతలి గట్టున వున్న సిద్ధేశ్వరానికీ నడుమ కృష్ణమీద తీగెల వంతెన కడతామని కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రకటించినప్పటినుండి మా వైపు జొన్నచేలకు కూడా మర్యాద పెరిగింది. వంతెన కన్న ముందు దాని ధర వచ్చి ఊళ్ళో కూర్చున్నది.

"ఏం కాకా, బాగున్నవా?" అని అతను మా నాయినను పలకరించాడు. మా చిన్నతనంలో అతని తండ్రి మా నాయినను "ఒరే" అని తప్ప పిలిచి ఎరుగడు. కాలం మారిందనుకొని లోలోపల సంతోషపడ్డాను. నాయిన మాత్రం పాత అలవాటు చొప్పున లేచి నిలబడి, "దయ దొరా" అన్నాడు.

పని ఏమిటంటే, అతనికి పిస్టలు లైసెన్సు వచ్చింది. పిస్టలు కొన్నాడు. దానికి ఒర కావాలి.

కారు సీటులో కూర్చొనే చూపించాడు. ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలలో తయారైన .32 బోరు పిస్టలు. పేరు 'అశని'. అశని అంటే పిడుగు. ప్రబంధాలలో ఇంద్రుడికి తప్ప మరొకరికి దక్కని మాట, ప్లాట్ల వ్యాపారి నడుములోకి దిగివచ్చింది. మన ఆయుధ కర్మాగారాలకు సంస్కృతం మీద మక్కువ ఎక్కువ. స్త్రీల ఆత్మరక్షణకని 2014లో కాన్పూరునుండి ఒక రివాల్వరు విడుదలచేసి 'నిర్భీక్' అన్నారు. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో హింసకు గురై చనిపోయిన విద్యార్థినికి జనం పెట్టుకొన్న 'నిర్భయ' అనే పేరుకు అది ప్రతిధ్వని. అరకిలో బరువు, ధర లక్షా ఇరవైరెండు వేలు. అంత డబ్బు పెట్టగల స్త్రీ రాత్రివేళ బస్సుకోసం రోడ్డు పక్కన నిలబడవలసి వస్తుందా అని ఆ పేరు పెట్టినవారెవరూ ఆలోచించినట్టు లేదు.

మా మిత్రుడు తన పిస్టలును అప్పటికే కొంత ముస్తాబు చేయించాడు. కర్మాగారం ఇచ్చిన పిడి పలకలు తీసేయించి, అరచేతికి సరిపడే టేకు పలకలు పెట్టించాడు. వాటిమీద తన పేరులోని మొదటి అక్షరం చెక్కించాడు. మసక వెలుతురులో గురి కనబడడానికి ముందుగుర్తు మీద తెల్లచుక్క వేయించాడు. ట్రిగ్గరును తేలికచేస్తానని ఎవరో మెకానిక్ చెప్పాడట గాని, నడుములో పెట్టుకొని తిరిగేదానికి తేలిక ట్రిగ్గరు వద్దని తెలిసినవారు వారించారట. అది మంచి సలహా. ఇవన్నీ మా వాడు కొత్త పెళ్ళికొడుకు బట్టలు చూపించినట్టు చూపించాడు. పిడి ఎంత మార్చుకొన్నా గొట్టం జోలికి మాత్రం పోకూడదు. గొట్టం కురచ చేయడానికి వేరే అనుమతి వుండాలని 1959 ఆయుధ చట్టం ఆరవ సెక్షను చెబుతుంది.

ఒరలు అప్పటికే మూడు కొన్నాడు. మూడూ కుదరలేదు. మొదటిది గట్టి ప్లాస్టిక్‌ది, ప్యాంటు లోపలివైపు దోపుకొనేది. పాలమూరు ఎండలో పొద్దంతా అది తొడను ఒరుసుకొని చెమటకాయలు లేపింది. రెండవది చంకకింద వేలాడేది. దానిమీద కోటు వేసుకోవాలి. మే నెలలో సోమశిలలో కోటు వేసుకొన్నవాణ్ణి చూస్తే పిల్లలు వెంటబడతారు. మూడవది చీలమండకు కట్టుకొనేది. తుమ్మముళ్ళలో భూములు కొలుచుకుంటూ తిరిగేవాడికి అది పనికి వచ్చేది కాదు. "తోలుదే గావాలె కాకా. కొన్నది గాదు, కుట్టింది. ఎంతయినా సరే" అన్నాడు.

మా నాయిన పిస్టలును చేతితో తాకలేదు. "లైసెన్సు నీ పేరుమీద ఉన్నదంటివి గద. నా చేతికియ్యకు. కొలతలియ్యి, కొయ్యతోని అచ్చు జేపిస్త" అన్నాడు. చట్టం చదివినవాడు కాదు. చెప్పు కుట్టాలంటే మనిషి కాలు కోసి తెచ్చుకోనక్కరలేదని తెలిసినవాడు. కాగితంమీద చుట్టుగీత గీయించుకొన్నాడు, మందం దారంతో కొలిపించుకొన్నాడు. వడ్లాయన దగ్గర వేపకొయ్యతో అచ్చు చేయించాడు. టేకు పలకల ఉబ్బు కూడా అచ్చులో వచ్చేదాకా ఒప్పుకోలేదు. "పిడి మారితే ఒర మారుతది" అన్నాడు.

తోలు విషయంలో ఆయన పట్టుదల చూసి ఆశ్చర్యపోయాను. మిత్రుడు మొదట తెచ్చింది క్రోము తోలు. మెత్తగా, నిగనిగలాడుతూ వుంది. నాయిన దాన్ని మడిచి చూసి పక్కన పెట్టాడు. అది తడిపినా రూపు నిలుపదు. క్రోము తోలు సంచిలో పెట్టిన ఇనుము మచ్చపట్టడం ఆయన ఎరుగును. చెక్కతో ఊనిన తోలు కావాలన్నాడు. మద్రాసునుండి పూర్వం ఓడలకెక్కిన తోలు, వర్తకులు ఈస్టిండియా తోలు అనేది, అటువంటిదే. దానికి ప్రాణం పోసింది తంగేడు చెక్క. తరువాత దాని స్థానంలో విదేశీ తుమ్మ బెరడు వచ్చింది. మా బంజర్లలో పూచే తంగేడే బతుకమ్మలోకీ పోతుంది, లందలోకీ పోతుంది. బతుకమ్మ పాటలమీద వ్యాసాలు వ్రాసిన మనవాళ్ళు లంద పక్కకు వచ్చి ముక్కు మూసుకొన్నారు. నేనూ వ్రాశాను ఒక వ్యాసం; ముక్కు మూసుకొన్నవారిలో, కాలేజీలో చేరిన కొత్తలో, నేనూ వున్నాను.

హైదరాబాదునుండి ఆ తోలు ముక్క వచ్చింది. నాయిన దాన్ని నీళ్ళలో తడిపి, కొయ్య అచ్చుకు చుట్టి, ఎముక ముక్కతో అంచులు నొక్కి, నీడన ఆరబెట్టాడు. మూడురోజులకు తోలు అచ్చు రూపం దాల్చింది. ట్రిగ్గరు చుట్టూ వున్న భాగం ఎక్కడా వేలు దూరకుండా మూసుకుపోవాలి. పిస్టలు తీశాక ఒర మూతి ముడుచుకుపోకూడదు. ముడుచుకుపోతే తిరిగి దోపేటప్పుడు మడత పోయి ట్రిగ్గరుకు తగులుతుంది. అందుకని మూతికి రెండో పొర వేసి కుట్టాడు. బెల్టు వెడల్పుగా, మందంగా లేకపోతే బరువంతా ఒకవైపు జారుతుందని బెల్టు కూడా తానే చేశాడు. ఇవన్నీ ఎక్కడ నేర్చావని అడిగితే, గొడ్డలికీ కొడవలికీ తొడుగులు కుట్టినప్పుడు నేర్చానన్నాడు. "పదునున్నదానికి తొడుగు ఎందుకు? మనకు తగలకుండ, పక్కోనికి తగలకుండ. అంతే గద."

చివరకు పైన ఒక మూత కుట్టాడు. ఆ మూత పిడిని పూర్తిగా కప్పి, ముందుకు మడిచి, ఇత్తడి బొత్తానికి తగులుకొంటుంది.

నాకు తెలిసినంతలో అంత అందమైన తోలుపని మా ఇంట్లో అంతకుముందు జరుగలేదు. మిత్రుడు వచ్చాడు, చూశాడు, నడుముకు కట్టుకొన్నాడు, అద్దంలో చూసుకొన్నాడు. అతని ముఖం వాడిపోయింది.

"కాకా, గిట్ల మూసిపెడితే గిది ఉన్నట్టు ఎవలికి తెలుస్తది?"

ఆ ప్రశ్న విన్నప్పుడు నేను నవ్వాను. నవ్వవలసిన ప్రశ్న కాదు అది.

ఆ రాత్రి నేను నా అలవాటు చొప్పున పుస్తకాల్లోకి పోయాను. 2016 ఆయుధ నియమాల ప్రకారం చేతి తుపాకిని బహిరంగ స్థలాల్లో ఒరలోనే, పూర్తిగా కప్పే పట్టుకుపోవాలి. అంటే మా నాయిన కుట్టిందే చట్టబద్ధమైన ఒర. పెళ్ళి ఊరేగింపుల్లో సరదాకు పేల్చడాన్ని 2019 సవరణ శిక్షార్హమైన నేరం చేసింది. ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్సు ఆయుధాలను పోలీసు స్టేషనులో అప్పగించాలి. 2023 చివర శాసనసభ ఎన్నికలకు ఒకసారి, 2024లో లోక్‌సభ ఎన్నికలకు మరొకసారి మా వాడు అప్పగించి తెచ్చుకొన్నాడు. ప్రాణభయం వుందని దరఖాస్తు పెట్టుకొన్నవాడు ఆ వారాలన్నీ ఊళ్ళో నిర్భయంగానే తిరిగాడు.

.32 బోరు కథ ఇంకా చిత్రమైనది. తన పిస్టలు గొప్పతనంగా అతను దాన్ని చెప్పుకొన్నాడు గాని, అది వలసపాలన మిగిల్చిపోయిన కొలత. సైన్యమూ పోలీసులూ వాడే గుండు జనం తుపాకిలో పట్టకూడదన్నది తెల్లదొరల జాగ్రత్త. .303, .455 వంటివి, అనంతరం 9 మిల్లీమీటర్లది, నిషిద్ధ బోర్లయ్యాయి. నిషేధం తగలని .32 పౌరుల పాలబడింది. లిట్టన్ కాలపు 1878 ఆయుధ చట్టం భారతీయుడికి లైసెన్సు అన్నది, యూరపువాడికి అక్కరలేదన్నది. ఆ అవమానం మనసులో వుండబట్టే 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానంలో, నియమాలకు లోబడి ఆయుధం ధరించే హక్కు కూడా చేరింది. 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో హెచ్.వి. కామత్ ఆ హక్కును ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని సవరణ తెచ్చాడు. అంబేద్కర్ అంగీకరించలేదు. సవరణ వీగిపోయింది.

అప్పటికి హైదరాబాదుమీద సైనిక చర్య ముగిసి మూడు నెలలు కాలేదు. ఆ సభ చర్చించుకుంటున్న రోజుల్లోనే తెలంగాణ రైతు చేతిలో తుపాకి వుంది. ఆ తుపాకికి వెనుక కథ మన పాఠకులు ఎరిగినదే. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను దేశముఖు మనుషుల తుపాకులు బలితీసుకొన్నప్పుడు ఊరేగింపులోని జనం చేతుల్లో వున్నవి కర్రలూ వడిసెలలూ. తరువాత భర్మారులు వచ్చాయి, దొరల గడీలనుండి గుంజుకొన్నవీ వచ్చాయి. సైన్యం వచ్చాక దళాలు అడవులు పట్టాయి. మా కృష్ణ పక్కన నల్లమలలోకి, అమ్రాబాదు వైపుకు వచ్చినవి కూడా వున్నాయి. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు.

మా తరగతిలో ఒక విద్యార్థి, చురుకైనవాడు, ఒకసారి అడిగాడు: "దొర నడుములో పిస్టలు తప్పయితే, రైతు చేతిలో భర్మారు ఒప్పెట్లా సార్?" మంచి ప్రశ్న. తుపాకి తుపాకే, చంపేదే. దాన్ని పూజించే కవిత్వం మీద నాకు ఏనాడూ మోజు లేదు. కాని భర్మారు ఒక్కడి నడుములో వుండేది కాదు. దాన్ని మోసేవాడు మారేవాడు, దాని లెక్క ఊరికి తెలిసేది, అది కాచింది ఊరంతా దున్నుకున్న భూమిని. మా వాడి పిస్టలుమీద అతని పేరు అక్షరం చెక్కి వుంది. కామత్ సవరణ నెగ్గి వుంటే ఆయుధం ఎవరి నడుముకు ఎక్కి వుండేదో, మా పాలమూరు పట్టాదారు పుస్తకాలు చూస్తే తెలుస్తుంది. అంబేద్కరు అటువైపు నిలబడలేదని నాకు చింత లేదు.

సంస్థానాల నేలమీద ఆయుధం ఎప్పుడూ ప్రదర్శన వస్తువే. గద్వాల, వనపర్తి, కొల్లాపురం మూడింటికీ సొంత పటాలాలు వుండేవి. వనపర్తి రాజు నైజాముకు ఆఫ్రికా రౌతుల దళాన్నే కానుకగా పంపాడంటారు, హైదరాబాదులో ఏ.సి. గార్డ్సు పేట పేరు ఆ అశ్వదళానిదే. మా నాయనమ్మ చెప్పేది: దొర ఊళ్ళోకి వస్తే ముందు తుపాకివాడు నడిచేవాడు. ఆ తుపాకి పేలగా ఆమె ఒక్కసారీ చూడలేదు. అయినా అది వస్తుంటే ఆడవాళ్ళు కడవలు దించి పక్కకు జరిగేవారట. ఆ తుపాకికి భుజంపట్టీ కుట్టింది మా తాత. ఆమె ఆ మాట గర్వంగా చెప్పేదో బాధగా చెప్పేదో నాకు ఇప్పటికీ తెలియదు.

మా నాయిన రెండో ఒర కుట్టాడు. మూత లేకుండా, పిడి పూర్తిగా బయటికి కనబడేట్టు, టేకుమీద చెక్కిన అక్షరం ఎదుటివాడు చదువగలిగేట్టు. ఎందుకు కుట్టావని నేను అడుగలేదు. రెండువేలు బయానా తీసుకొని వున్నాడు. మోకాళ్ళ నొప్పికి మందులు కొనుక్కోవాలి. పైగా, పనివాడికి పని చెడిందనిపించుకోవడం చావుతో సమానం. మూత వున్న మొదటి ఒర మా ఇంట్లోనే వుండిపోయింది. రెండోదానికి ఐదువేలు ఇచ్చి, "కాకా, నీ చేతిల కళ ఉన్నది" అని మెచ్చుకొని పోయాడు. నేను కూడా మెచ్చుకొన్నాను. నిజం చెప్పాలంటే, దాని ఫోటో తీసి కాలేజీలో నలుగురికి చూపించాను.

సంక్రాంతికి మళ్ళీ ఇంటికి పోయాను. మా చిన్నమ్మ, మా చిన్నాయన భార్య, విధవరాలు. మునకలో పోయిన భూమికి వచ్చిన పరిహారంతో మా చిన్నాయన కొన్న రెండెకరాలు ఆమె పేర వుంది. వంతెనకు వస్తుందనుకొన్న దారి పక్కనే ఆ రెండెకరాలు. మా మిత్రుడు కొంటానన్నాడు. చిన్నమ్మ ఎకరంన్నర అమ్ముతాను, బావి వున్న అరెకరం వుంచుకుంటాను అంటున్నది. చదువుకొన్నవాణ్ణి కదా, కాగితం చదివి పెట్టమని నన్ను పిలిచింది.

వాకిట్లో మంచాలు వేశారు. మిత్రుడు మరి ఇద్దరితో వచ్చాడు. ఎవరినీ ఒక్క పరుషమైన మాట అనలేదు. "చిన్నమ్మా" అనే పిలిచాడు. మంచంమీద కూర్చుంటూ, నడుములో బిగుతుగా వుందన్నట్టు, అంగీ అంచు పైకి తీసి వెనక్కు దోపుకొన్నాడు. అంతే. తేనెరంగు తోలు ఒర, మా నాయిన కుట్టిన జంట కుట్టు, పైన టేకు పిడి.

చిన్నమ్మ చూసింది. ఆమె కొడుకు చూశాడు. నేను అప్పుడు ఒప్పందం రెండో పేజీ చదువుతున్నాను. బావి వున్న అరెకరం కూడా కాగితంలో కలిసే వుందని ఆ పేజీలోనే నాకు కనబడింది. "ఇది మనం అనుకొన్న మాట కాదు" అని ఒక్క వాక్యం అనవలసి వుంది. ఆ వాక్యం నాకు వచ్చు. వ్యాకరణంతో సహా వచ్చు. ఇరవై సెకన్లు ఆగాను. తరువాత మూడో పేజీ చదివాను.

దేనికి భయపడ్డాను? అతను కాల్చడని నాకు తెలుసు. ఒక గుండు పేలితే లైసెన్సు పోతుంది, వ్యాపారం పోతుంది. అతనికన్న జాగ్రత్తపరుడు మా జిల్లాలో లేడు. ఆ పిస్టలు ఇంతవరకు సాధన మైదానంలో తప్ప పేలి వుండదు. మా నాయనమ్మ కడవ దించిన చోటునుండి నేను ఎంత దూరం నడిచాననుకొన్నానో, ఆ ఇరవై సెకన్లలో అంత దూరమూ వెనక్కు పోయి పక్కకు జరిగి నిలబడ్డాను. భూస్వామ్య సంబంధాలు, వాటి అవశేషాలు అని బోర్డుమీద వ్రాసే చేయి ఇదే. అవశేషం ఎక్కడో బయట, గడీ గోడల్లో వుంటుందనుకొనేవాణ్ణి.

చిన్నమ్మ వేలిముద్ర వేసింది. బావి పోయింది. ధర విషయంలో ఆమె అనుకొన్నదానికన్న తక్కువేమీ రాలేదు, అది కూడా చెప్పాలి. అరెకరానికీ లెక్క కట్టే ఇచ్చాడు. అందుకే ఊళ్ళో దీన్ని అన్యాయమని ఎవరూ అనరు. డబ్బు ముట్టిందిగా అంటారు. ఆమె అమ్మనన్నదాన్ని అమ్మించారన్న సంగతికి మా ఊరి లెక్కల్లో గడి లేదు. మరునాడు నేను పోయి, కావాలంటే వకీలు దగ్గరకు పోదాం చిన్నమ్మా అన్నాను. "నిన్న నోట్లె ఏం పెట్టుకున్నవ్ బిడ్డా?" అని అడిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

ఆ సాయంత్రం నాయినకు అంతా చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "మూత గోస్తుంటెనే చెయ్యి గుంజింది. తోలు ఎండిందేమో అనుకున్న" అన్నాడు. ఆ ఐదువేలలో మందులకు పోగా మిగిలినవి చిన్నమ్మకు ఇచ్చివస్తానని లేచాడు. ఆమె తీసుకోలేదు.

ఈ సంగతులన్నీ వ్రాసి పంపుతున్నానని మిత్రుడికి ఫోను చేసి చెప్పాను. పేరు వ్రాయవద్దన్నాడు, వ్రాయనన్నాను. ఒర బాగా పనిచేస్తున్నదట, వేసవిలో కూడా ఒరుసుకోవడం లేదట. తన స్నేహితులు ముగ్గురు అటువంటివే కావాలంటున్నారని, కాకాను అడిగి చెప్పమని అన్నాడు. నాయినను అడిగాను. మూత వున్నవయితే కుడతానన్నాడు. ఆ ముగ్గురూ మళ్ళీ కబురు చేయలేదు.

మొదటి ఒర మా ఇంట్లో గోడ మేకుకు వేలాడుతున్నది. నాయిన అందులో ఆరెలు పెట్టుకుంటున్నాడు. మూత బొత్తాము కొంచెం బిగుతు; కళ్ళజోడు లేకుండా తీయాలంటే రెండుమూడుసార్లు ప్రయత్నించాలి.